గడ్డి తీగ, ఆకాశం తీగ

మసెగో నాన్న పొద్దున లేస్తూనే మొహం కడుక్కుని, టోపీ తీసి చంకలో పెట్టుకుని, వాకిట్లో నిలబడి దేవుడికి రెండు మాటలు చెప్పుకునేవాడు. ఆ తరువాత బళ్ళు బాగుచేసే తన షెడ్డు రేకు తలుపు పక్కకు జరిపి, టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ ఆన్ చేసేవాడు. మొదటి బేరం వచ్చేదాకా ఆ గాలి ఊరిది. మౌన్ ఊళ్ళో ఆ చివర ఉన్న గాడిద బళ్ళన్నిటికీ పాత కార్ల టైర్లే చక్రాలు. కట్టెలకు పోయేవాళ్ళు, పీపాలు వేసుకుని నీళ్ళకు పోయేవాళ్ళు, ఒంటిచక్రం తోపుడుబండి మీద పిండిమూట తెచ్చుకునే ఆడవాళ్ళు, అందరూ ఆ చలిలో వచ్చి వరసలో నిలబడేవాళ్ళు. ఎవరైనా చిల్లర తీయబోతే, “గాలిని నేను చేశానా ఏమిటి? జేబులో పెట్టుకో” అనేవాడు.

ఆయన అసలు పేరు ఒతెంగ్. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇక్కడ మొదటి బిడ్డ పుట్టగానే తల్లిదండ్రుల పేర్లు పక్కకు తప్పుకుంటాయి. కూతురు మసెగో పుట్టిన నాటి నుంచి ఆయన మసెగో నాన్నే. చిన్నప్పుడు మేనమామ మందలో పశువులు కాశాడు. మీసాలు వచ్చాక ఒక లారీ యార్డులో బ్యాటరీలు మోయడానికి చేరి, మోస్తూ మోస్తూ కరెంటు పని నేర్చుకున్నాడు. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర ఆసిడ్ తిన్న చిల్లులుండేవి. ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా ఒక్కటే చిల్లు లేనిది. చర్చిలో ఆయనది అందరికంటే కింది గొంతు. పాటల పుస్తకం అందరిలాగే తెరిచి పట్టుకునేవాడు. ఒకసారి అది తలకిందులుగా ఉంటే పక్కాయన మెల్లగా తిప్పి చేతిలో పెట్టాడు. పాటలో మాత్రం ఒక్క మాట తప్పలేదు. ఆ పక్కాయన ఆ సంగతి ఈనాటికీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

షెడ్డుకు బోర్డు లేదు. ఆయన బిగించిన తీగల మీద గుర్తులూ ఉండేవి కావు. “ఏ తీగ ఎటు పోతుందో నా తలలో ఉంది” అని కొంచెం గొప్పగానే చెప్పుకునేవాడు. గోడ మేకుకు నాలుగు చుట్టలు వేలాడేవి: ఎర్రది, నల్లది, ఆకుపచ్చది, నీలంది. చివరి రెంటినీ ఆయన తాలా అనే పిలిచేవాడు. ఆయనే కాదు, ఇక్కడ అందరూ అంతే. మనం పసుపునీ పచ్చ అని, ఆకునీ పచ్చ అన్నట్టు, ఇక్కడి మాటలో గడ్డీ తాలాయే, ఆకాశమూ తాలాయే.

జూన్ నెలలో, ఇక్కడ అది చలికాలం, చలి బాగా ముదిరాక, లరోనా అమ్మ తన పాత డీజిల్ ఫోర్‌వీల్ బండి తెచ్చి షెడ్డు ముందు నిలిపింది. పడమటి ఇసుకలో ఉన్న పశువుల మందలకు సూదిమందు చేరవేసే మనిషి ఆవిడ. ఎండాకాలం ముందు పచ్చిక తగ్గితే పశువులు పడి ఉన్న ఎముకలు నములుతాయి. నమిలినవి నడుము చచ్చి కూలబడతాయి. దానికి ముందే సూది పడాలి. ఆ మందు చల్లగా ఉండాలి, గడ్డ కట్టకూడదు, వెచ్చబడనూ కూడదు.

ఇంజను ఆపి కిందికి దిగి, “ఎలా లేచారయ్యా?” అంది.

“లేచామమ్మా. మీరెలా లేచారు?”

“లేచాం. పిల్లలు లేచారా?”

“లేచారు. పశువులు?”

“అవీ లేచాయి, దేవుడి దయ.” పలకరింపులు అయ్యాకనే ఆవిడ పనిలోకి దిగింది. “ఐసు పెట్టెతో పోతే సగం దారిలోనే నీళ్ళవుతోందయ్యా. ఈసారి మూడు మందల మందు నా చేతిలో ఉంది. అందుకని ఫ్రిజ్ కొన్నాను. మరి అది రాత్రంతా బ్యాటరీ తాగేసి పొద్దున బండి లేవకపోతే? ఆ ఇసుకలో నన్నెవరు లేపుతారు?”

“రెండో బ్యాటరీ పెడతాను. ఒకటి బండిది, ఒకటి ఫ్రిజ్‌ది. ఇంజను నడుస్తున్నంతసేపూ రెండూ ఒకే పళ్ళెంలో తింటాయి. ఇంజను ఆగిందా, ఎవరి పళ్ళెం వాళ్ళది. ఒకరి కూడు ఒకరు ముట్టరు.”

“అలాంటి తోడికోడళ్ళను నాకూ చూపించండి” అంది ఆవిడ.

మసెగో నాన్న నవ్వి, టోపీ తీసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అప్పుడు బానెట్ ఎత్తాడు. ఏ బండి బానెట్ ఎత్తినా ముందు అంత మాత్రం ప్రార్థన ఆయనకు అలవాటు.

పని రెండు రోజులు పట్టింది. రెండో బ్యాటరీని ఇంజను వేడికి దూరంగా, వెనక తొట్టిలో, పాత మంచం ఇనుప పట్టెలు కోసి చేసిన చట్రంలో కూర్చోబెట్టాడు. ఎంత కుదుపుకూ కదలకుండా పైన అడ్డపట్టీ వేసి రెండు బోల్టులు బిగించాడు. రెండు బ్యాటరీల మధ్య బొటనవేలంత లావు ఎర్ర తీగ లాగి, అది రేకుకు రాసుకునే చోటల్లా తోటకు నీళ్ళు పెట్టే గొట్టం ముక్క తొడిగాడు. రెండు చివరలా ఫ్యూజులు వేశాడు. మధ్యలో, కలపడానికీ విడదీయడానికీ, రిలే. ఇంజను పక్కన, పొగగొట్టం లేని వైపు, పిడికిలంత మోటారుతో కంప్రెసర్ బిగించి, దాని రబ్బరు గొట్టం ముందు జాలీలోంచి బయటికి తీశాడు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగం తీసేస్తేగాని బండి తేలదు. గట్టినేల రాగానే మళ్ళీ నింపకపోతే టైర్లు చీరుకుపోతాయి. అందుకని ఆ బండికి గాలి, మందుకు చల్లదనం ఎంతో అంత అవసరం.

“గాలి కొట్టేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలమ్మా. ఈ కంప్రెసర్ ఆకలి చాలా పెద్దది” అని మూడుసార్లు చెప్పాడు.

“మూడుసార్లు విన్నాను” అంది లరోనా అమ్మ.

ఆఖరికి ఫ్రిజ్ ఆన్ చేసి, ఇంట్లోంచి ఒక సీసాడు పచ్చిపాలు తెచ్చి అందులో పెట్టాడు.

“నా ఫ్రిజ్‌లో మీ పాలేమిటయ్యా?”

“సాక్షి. రేప్పొద్దున తాగి చూస్తాను. తియ్యగా ఉంటే బండి మీది. పులిస్తే పని నాది.”

మర్నాడు పాలు తియ్యగానే ఉన్నాయి. ఒక గుక్క తాగి, సీసా ఆవిడ కోసం అందులోనే ఉంచేశాడు. మీటలూ ముళ్ళూ ఉన్న మీటరు ఆయన దగ్గర ఉంది కాని, పాల మీద నమ్మకం వేరు. లరోనా అమ్మ మందు సీసాల పెట్టె లోపల సర్దుకుని, దాని పక్కన తన గాజుగొట్టం ఉష్ణమాపకం పడుకోబెట్టి, తొందరగా బయల్దేరింది. వెనక బ్యాటరీ దగ్గర సన్నటి నీలం తీగ ఒకటి, కొసకు రబ్బరు తొడుగుతో, చుట్టి దోపి ఉంది. ముందు బ్యాటరీ చచ్చిపోయిన రోజున దాన్ని ఎర్ర మొనకు తాకిస్తే రిలే కలుస్తుంది, వెనక బ్యాటరీతో ఇంజను లేస్తుంది. ఆ తీగను చూపించాలని నోటిదాకా వచ్చింది. వచ్చినప్పుడు చూపిస్తాలే, అంత అవసరం ఏం పడుతుంది అనుకున్నాడు. చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం నాలుగు దాటాక ఫోను మోగింది.

“మసెగో నాన్నా, బండి పైకెక్కి మాట్లాడుతున్నాను, ఇక్కడొక్కచోటే సిగ్నల్ ఉంది” అంది లరోనా అమ్మ. ఆవిడ గొంతు వెనక గాలి హోరు. “సెహిత్వా ఊరు దాటి, ఇసుక దాటి, గట్టినేల మీద ఉన్నాను. బండి లేవట్లేదు. ముందు బ్యాటరీ చచ్చింది. వెనకది బతికే ఉంది, ఫ్రిజ్ తిరుగుతోంది.”

“కంగారు లేదమ్మా. వెనక బ్యాటరీ దగ్గర తాలా తీగ ఉంటుంది చూడండి. దాని కొస ఎర్ర మొనకు తాకించి పట్టుకుని, పక్కన ఎవరైనా ఉంటే తాళం తిప్పమనండి.”

“తాలా తీగేనా?”

“తాలాయే.”

“దొరికింది, కనిపిస్తోంది—” అన్నాక ఫోను తెగింది. మళ్ళీ మోగలేదు. మోగలేదంటే బండి కదిలిందనే అర్థం చేసుకున్నాడు మసెగో నాన్న. భార్య వేసిన పిండి ముద్దలు రెండు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు తెల్లవారి వాకిట్లో ప్రార్థన చేసుకుని కంప్రెసర్ పెట్టాడు. దితిరో తాత గాడిద బండి వచ్చింది. దాని పక్కనే పెళ్ళి కుదిరిన ఎదురింటి అమ్మాయి బండి కూడా ఉంది. ముసలాయన దూరంగా, ఎండ పడే చోటు చూసుకుని గోడకానుకుని, “తాలా బండికి ఎడమ చక్రం చూడు నాయనా” అని కేకేశాడు.

మసెగో నాన్న గొట్టం పట్టుకుని వంగి చక్రం నింపసాగాడు.

“ఓయ్! ఆ బండి కాదయ్యా! అది గడ్డి తాలా, నాది ఆకాశం తాలా! నా బండి నేల నాకుతుంటే, ఆ పిల్ల బండికి బలం పోస్తావేం? పెళ్ళికూతురని పక్షపాతమా?”

వరసలో వాళ్ళు నవ్వారు. మసెగో నాన్న నవ్వలేదు. గొట్టం చేతిలో బుసలు కొడుతూనే ఉంది. తలెత్తి షెడ్డు గోడకేసి చూశాడు. మేకుకు ఆకుపచ్చ చుట్ట, దాని మీద నీలం చుట్ట.

ఆకుపచ్చది ఫ్రిజ్ తీగ. ఫ్రిజ్‌లోంచి కరెంటు తిరిగొచ్చి బ్యాటరీ నల్ల మొనకు చేరే తీగ. నీలం తీగ చుట్టి, రబ్బరు తొడిగి, మూల దోపేశాడు తను. ఆకుపచ్చది ఎదురుగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ‘కనిపిస్తోంది’ అంది కదా ఆవిడ. దాని ఫ్రిజ్ వైపు కొస ఊడదీసి ఎర్ర మొనకు తాకిస్తే? రెండో కొస నల్ల మొన మీదే ఉంటుంది. ఫ్యూజులన్నీ ఎర్ర తీగలకే వేశాడు. ఆకుపచ్చకు లేదు. నిప్పురవ్వలు, కాలిన తీగ, ఆగిన ఫ్రిజ్.

ఫోను చేశాడు. అవతల ఫోను ఆగిపోయి ఉంది.

దితిరో తాత చక్రం మాత్రం నింపి, గొట్టం తాత చేతిలోనే పెట్టాడు. “మిగిలినవాళ్ళకు నువ్వు కొట్టు తాతా. అయ్యాక ఈ మీట కిందికి నొక్కు.” రెండు తాలా చుట్టలూ, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని రోడ్డు మీదికి నడిచాడు. ఆయన మనసులో ఉన్నది ఒక్కటే లెక్క. ఈ చలికి రాత్రంతా మందుకు భయం లేదు. సూర్యుడు నడినెత్తికి వస్తేనే ప్రమాదం. మధ్యాహ్నంలోపు చేరాలి.

సెహిత్వా వైపు పోయే వెమునా బండి ఆపాడు. వెమునా హెరెరో తెగ మనిషి, పశువులు నాకే ఉప్పుదిమ్మలు వేసుకుని తన మందకు పోతున్నాడు. సంగతి విని ముందు తలుపు తీశాడు, తరువాత ఎగతాళి మొదలుపెట్టాడు.

“మీవాళ్ళు ఆవు ఒంటి మీది మచ్చకు నలభై పేర్లు పెడతారు. కొమ్ము వంకరకు ఇరవై పెడతారు. గడ్డికీ ఆకాశానికీ కలిపి ఒక్క పేరా?”

“ఆకాశం రంగు ఆవు ఇంతవరకూ పుట్టలేదు కదయ్యా” అన్నాడు మసెగో నాన్న.

వెమునా స్టీరింగు మీద కొట్టి కొట్టి నవ్వాడు. కొంతదూరం పోయాక నవ్వు ఆపి, “నా దారి కుడివైపు తిరుగుతుంది. కాని నిన్ను ఆవిడ దగ్గర దింపాకనే తిరుగుతాను. ఆవిడ సూది వేయబోయే మందల్లో నా బావమరిది పశువులూ ఉన్నాయి. లేకపోయినా దింపేవాణ్ణే అనుకో” అన్నాడు. తారు రోడ్డు అయిపోయాక ఇద్దరూ దిగి నాలుగు టైర్లలోనూ పుల్లతో నొక్కి గాలి తీశారు. ఇసుకలో బండి నావలా ఊగుతూ పోయింది. మసెగో నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు.

పది దాటాక లరోనా అమ్మ బండి కనిపించింది. ముళ్ళచెట్టు నీడలో ఉంది. తొట్టిలో ఫ్రిజ్ మీద తడిగోనెలు కప్పి ఉన్నాయి. పక్కన ఒక ముసలి పశువుల కాపరి డబ్బాతో నీళ్ళు చల్లుతూ కూర్చున్నాడు. ఆవిడ కుడిచేతి వేళ్ళకు గుడ్డ కట్టి ఉంది.

వెమునా ఇంజను ఆపి దిగాడు. మసెగో నాన్నకు గుండె ఫ్రిజ్ దగ్గరే ఉంది కాని, పలకరించకుండా మూత మీద చెయ్యి వేయలేడు.

“ఎలా లేచారమ్మా?”

“లేచామయ్యా. మీరెలా లేచారు?”

“లేచాం. పెద్దాయన ఎలా లేచారు?”

కాపరి తీరుబడిగా తాను లేచిన సంగతీ, భార్య లేచిన సంగతీ, కుంటి ఎద్దు మాత్రం ఇంకా లేవని సంగతీ చెప్పాడు. రాత్రంతా ఆ ముసలాయన ఇక్కడే నిప్పు రాజేసి ఆవిడకు కాపలా కూర్చున్నాడట. ఆయన భార్య ఇంత దూరం నడిచి జొన్న సంకటి తెచ్చిపెట్టిందట.

అప్పుడు మసెగో నాన్న ఆవిడ చేతికేసి చూశాడు. “కాలిందా?”

“కొంచెమే. మీరు చెప్పిన తాలా తీగ ఊడదీసి తాకించాను. మెరుపు మెరిసినట్టయింది. తీగ కరిగిపోయింది, ఫ్రిజ్ ఆగిపోయింది. ఫోను కూడా చచ్చింది. ఇంక నేనేదీ ముట్టుకోలేదు. ఫ్రిజ్ మూత ఒక్కసారి కూడా తీయలేదు.”

“తీగ తప్పు నాది. ఆకాశం తాలా అని చెప్పలేదు. మరి ముందు బ్యాటరీ ఎలా చచ్చిందమ్మా? ఇంజను నడుపుతూనే గాలి కొట్టమన్నాను కదా.”

లరోనా అమ్మ కాపరికేసి చూసి గొంతు తగ్గించింది. “నడుపుతూనే కొట్టానయ్యా. మూడో టైరు నింపుతుండగా ఈ పెద్దాయన ఎదురొచ్చాడు. ఇంజను గర్జిస్తుంటే పెద్దమనిషిని పలకరిస్తామా? ఆపేశాను. గొట్టం టైరుకే ఉంది, కంప్రెసర్ తన పని తాను చేసుకుంటోంది. ఎద్దు సంగతి కొంచెం పొడుగైంది.”

మసెగో నాన్న ముందు జాలీలోంచి వేలాడుతున్న గొట్టంకేసి చూశాడు. తనైనా ఆపేవాడే. వెమునా ఇప్పుడే ఆపాడు. మూడుసార్లు చెప్పానని మురిసిపోయాడు కాని, తన ఊళ్ళో మనిషికి మనిషి ఎదురైతే ఏం చేస్తారో బిగించేటప్పుడు తలచుకోలేదు.

“ముందు మూత తీద్దాం” అన్నాడు.

గోనెలు పక్కకు లాగి లరోనా అమ్మ మూత ఎత్తింది. తన గాజుగొట్టం అందుకుని నీడలోకి తిప్పి, కళ్ళు చికిలించి చూసింది. ఎనిమిది డిగ్రీలు దాటితే మందు పారబోయాల్సిందే. మూడు మందలవాళ్ళు ఇప్పటికే పశువుల్ని దొడ్లలోకి తోలి ఎదురుచూస్తున్నారు.

“ఏడు” అంది. “ఏడు మీద అర గీత.”

మసెగో నాన్న పాలసీసా తీసి, బిరడా విప్పి, ఒక గుక్క నోట్లో ఉంచుకుని మింగాడు. సీసా కాపరికి రెండు చేతులా అందించాడు. కాపరి తాగి వెమునాకు ఇచ్చాడు. “తీపే” అన్నాడు వెమునా. “పులిసినవే నాకిష్టం, అయినా ఇవాళ్టికి ఏమీ అనను.”

మసెగో నాన్న టోపీ తీసి ఒక్క క్షణం నిలబడి పనిలోకి వంగాడు. కరిగిన ఆకుపచ్చ తీగ పీకేసి కొత్తది లాగాడు. ఈసారి దానికీ ఫ్యూజు వేశాడు. మూల దోపిన నీలం తీగ తీసి, రబ్బరు తొడుగు లాగి, లరోనా అమ్మను దగ్గరకు పిలిచి ఆవిడ ఎడమచేతికే ఇచ్చాడు. “తాకించండి.” భయపడుతూనే తాకించింది. రిలే టక్కుమంది. వెమునా తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి మూలిగి లేచింది. ఫ్రిజ్ మీద చిన్న దీపం వెలిగింది. కాపరి డబ్బా పక్కన పెట్టి ముందు ఫ్రిజ్‌కేసీ తరువాత ఆకాశంకేసీ చూసి తల ఊపాడు.

ఆ తరువాత మసెగో నాన్న కంప్రెసర్ మీట కింద ఉన్న తీగ విప్పి ఇంకోచోట కలిపాడు. “ఇప్పుడు ఇంజను ఆగితే కంప్రెసర్ కూడా ఆగుతుందమ్మా. మీరు ఎంతసేపైనా పలకరించుకోండి. అదీ నోరు మూసుకుని వింటుంది.”

“కుంటి ఎద్దు సంగతి దానికీ చెబుతాను” అన్నాడు కాపరి.

నాలుగో టైరు కూడా నింపారు. వెమునా మళ్ళీ ఒక్కొక్కరినీ పలకరించి తన దారిన పోయాడు. లరోనా అమ్మ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, మొదటి మంద కోసం సీసాలు వేరు చేస్తూ, తెల్లటి అంటుపట్టీ చింపి ఒక్కొక్క సీసాకూ పేరు రాసి అంటిస్తోంది. వేళ్ళకు గుడ్డ ఉన్నా అక్షరాలు గుండ్రంగా, బియ్యం పరిచినట్టు పడుతున్నాయి.

మసెగో నాన్న పనిముట్లు తుడిచి సంచీలో వేసుకున్నాడు. వేసుకున్నవి మళ్ళీ తీసి మళ్ళీ తుడిచాడు. కాపరి ఎద్దు దగ్గరికి పోయేదాకా ఆగాడు. ఆగి, ఆవిడ పక్కన తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

“లరోనా అమ్మా, ఒక సాయం అడగనా?”

“అడగండి. ఈ పూట మీరు అడిగితే కాదంటానా?”

“ఆ పట్టీ మీద నాకు రెండు మాటలు రాసివ్వాలి. గడ్డి అని ఇరవై ముక్కలు, ఆకాశం అని ఇరవై ముక్కలు. ఇక మీద బిగించే ప్రతి తీగకూ అంటిస్తాను.” టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “తలలో ఉందని చెప్పుకుంటూ వచ్చాను. నా తలలో ఉంటే మీ చేతికి ఎలా తెలుస్తుంది? నేను బడికి పోలేదమ్మా. పశువుల వెనకే పోయాను. చర్చిలో పుస్తకం ఊరికే పట్టుకుంటాను.”

లరోనా అమ్మ కలం మూత తీసింది. నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. పట్టీ బారెడు లాగి తొట్టి రేకు మీద పరిచింది.

“కొంచెం పెద్దగా రాయండి” అన్నాడు మసెగో నాన్న, ఇంకా దగ్గరికి జరిగి. “రాసేటప్పుడు ఏది గడ్డో, ఏది ఆకాశమో, వేలు పెట్టి నాకూ చూపించండి.”